ఆవిరి బుట్టలోని చైనా కుడుము - ఆయుర్వేద దృష్టి



"మామయ్యా, ఈ చైనా కుడుములు తినవచ్చునా, మానివేయవలెనా? ఒక్క మాటలో చెప్పండి" అని మా అక్కయ్య కుమారుడు నన్ను అడిగి ఆరు మాసములు కావచ్చినది. అది ఒక్క మాటలో తేలునట్టి ప్రశ్న కాదని అప్పుడే చెప్పితిని. ఈలోగా అదే ప్రశ్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతముల నుండి నా వద్దకు వచ్చు మరికొందరు యువతీయువకులు కూడా అడుగుచుండుటచేత ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

ముందుగా ప్రశ్న ఎట్లు పుట్టినదో చెప్పవలెను. మా మేనల్లునికి 37 సంవత్సరములు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకుముందు ఆరేండ్లు అమెరికాలోని సియాటిల్ పరిసరములలో పనిచేసి వచ్చినాడు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళములు, బరువు 84 కిలోలు. కార్యాలయమువారు ఏటా చేయించు వైద్యపరీక్షలో, కాలేయమునందు మొదటి స్థాయి కొవ్వు చేరియున్నదని స్కానింగు నివేదిక వచ్చినది. అది చూచి మా అక్కయ్య ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, వాడు వారం వారం ఆ చైనా వాళ్ళ తిండికి పోతాడురా. ఆ సూపు కుడుములే వాడి కొంప ముంచుతున్నాయి. నువ్వు వైద్యుడివి కదా, గట్టిగా చెప్పు" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. నేను చెప్పబోగా, అతడు "ఒకసారి మీరే వచ్చి చూచి అప్పుడు చెప్పండి మామయ్యా" అన్నాడు. న్యాయమే కదా యని ఒక శనివారము రాత్రి బయలుదేరితిని. నిజము చెప్పవలెనన్న, ఆ పదార్థమును నిందించుటకు కావలసిన మాటలు దారిలోనే సిద్ధము చేసికొంటిని.

ఆ ప్రాంతమునకు వెళ్ళినప్పుడెల్ల నాకు పాత మాదాపూర్ రాతిగుట్టలు గుర్తుకు వచ్చును. 1992లో శిల్పారామము ఏర్పడినది. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినారు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీ వరకును, అదే సంవత్సరము చివరలో రాయదుర్గము వరకును వచ్చినది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన వెలసినది. ఒక తరము తిరుగులోపల గుట్టల నడుమ ఒక క్రొత్త పట్టణము, ఆ పట్టణమునకు తగిన ఆకలి, రెండును పుట్టినవి. ఆ ఆకలికి వేళ లేదు. సియాటిల్‌లో వేసవి ఉదయము 8 గంటలైనప్పుడు మనకు రాత్రి 8:30. అక్కడివారు ఉల్లాసముగా పని మొదలుపెట్టు వేళకు ఇక్కడివారు కంచము ముందు కూర్చుండవలెను. కాని కంప్యూటరు ముందు కూర్చుందురు.

చైనా భోజనమనగానే మనవారికి తట్టునవి నూడుల్సు, ఫ్రైడ్ రైసు, మంచూరియా. ఇందులో మంచూరియా అనునది చైనాది కానే కాదు. కలకత్తా చైనీయ కుటుంబములో పుట్టిన నెల్సన్ వాంగ్ అను వంటవాడు 1975లో బొంబాయిలో అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాసు చేర్చి కల్పించిన వంటకమది. మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించి, మరల సాసులో ఉడికించునది. అది వేరు, ఇప్పుడు చెప్పబోవునది వేరు. వీధి బండ్లమీద లభించు మోమో కూడా వేరే. అది టిబెట్టు, నేపాలు దేశముల నుండి దిగివచ్చినది.

సూపు కుడుమును చైనీయులు 'షియావ్‌లాంగ్‌బావ్' అందురు. 'షియావ్' అనగా చిన్న, 'లాంగ్' అనగా ఆవిరిపెట్టు బుట్ట, 'బావ్' అనగా లోపల పూర్ణము పెట్టి మూసిన పిండి పొట్లము. చిన్న బుట్టలోని పూర్ణపు కుడుము అన్నమాట. షాంఘై నగరపు శివారులోని నాన్‌షియాంగ్ అను ఊరిలో 1870ల కాలమున ఇది పుట్టినదని చెప్పుదురు. ఈ పేరు వినినప్పుడు గోదావరి జిల్లాల పాఠకులకు పొట్టిక్కబుట్టలు జ్ఞప్తికి రాక మానవు. పనస ఆకులను పుల్లలతో కుట్టి బుట్టచేసి, అందులో ఇడ్డెన పిండి పోసి ఆవిరిపై ఉడికించుట మనకు తరతరముల వాడుక. ఆవిరి కుడుము, ఉండ్రాళ్ళు, జిల్లేడుకాయలు, పూర్ణపు కుడుములు, ఇవన్నియు ఆవిరి సంతానమే. చైనావాడు వెదురు బుట్ట అల్లినాడు, మనవాడు పనసాకు కుట్టినాడు.

దీనిని ప్రపంచమంతట ప్రసిద్ధికి తెచ్చినవారు తైవాను దేశపు 'డిన్ తాయ్ ఫంగ్' వారు. చైనాలోని షాన్షీ రాష్ట్రము నుండి 1948లో తైవాను చేరిన యాంగ్ బింగ్‌యీ, 1958లో తైపే నగరములో వంటనూనె దుకాణము పెట్టినాడు. డబ్బాలలో వంటనూనె వచ్చుటతో వ్యాపారము దెబ్బతిని, 1972లో దుకాణములో సగభాగమున ఈ కుడుములు అమ్మసాగినాడు. నూనె కలిసిరాక ఆవిరిని నమ్ముకొన్నవాడు! 2023లో 96వ ఏట కన్నుమూసినాడు. అమెరికాలో వారి శాఖలు సియాటిల్ ప్రక్కనున్న బెల్‌వ్యూలో 2010లో, కాలిఫోర్నియాలోని శాంటాక్లారాలో 2016లో తెరువబడినవి. ఈ రెండును మన తెలుగు సాఫ్ట్‌వేరు కుటుంబములు విరివిగా కాపురమున్న తావులే. మా మేనల్లునికి ఈ రుచి అలవడినది బెల్‌వ్యూలోనే. అక్కడ నుండి తిరిగివచ్చిన వారు ఇక్కడ కూడా దానినే వెదకుదురు. ఆ వెదకులాటకు తగిన భోజనశాలలు ఇక్కడను వెలయుచున్నవి.

మూసిన పిండి పొట్లములోనికి పులుసు ఎట్లు ప్రవేశించినది? ఇది నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. రహస్యము హైదరాబాదు వారికి తెలిసినదే. పాయా షోర్బా మిగిలినప్పుడు ఫ్రిజ్జులో పెట్టి మరునాడు చూడుడు. గిన్నెలో రసము పోయి, వణకుచున్న ముద్ద కనిపించును. ఎముకలలోను చర్మములోను ఉన్న కొల్లాజెన్ అను పదార్థము చాలసేపు కాగి జెలటిన్‌గా మారును. అది చల్లబడినప్పుడు బిగుసుకొనును, దాదాపు మన శరీరపు వేడికే కరిగిపోవును. చైనాలో పంది చర్మమును, ఎముకలను కాచి ఈ ముద్దను చేయుదురు. ఇక్కడ కోడిమాంసపు రసము వాడుట కలదు. ఆ చల్లని ముద్దను తురిమి, మాంసపు పూర్ణములో కలిపి, పలుచని గోధుమ పిండి పొరలో పెట్టి, అంచును మడతలు మడతలుగా మూసెదరు. డిన్ తాయ్ ఫంగ్ వారు ఖచ్చితముగా 18 మడతలు పెట్టుదురు. ఆవిరి తగులగానే ముద్ద కరిగి పులుసగును, పిండి ఉడికి దానిని కారనీయక పట్టియుంచును.

శాకాహారులైన పాఠకులు ఇచట ఒక మాట గమనింపవలెను. పుట్టగొడుగుల కుడుమైనను లోపలి పులుసును గడ్డకట్టించుటకు ఏదో ఒకటి వేయవలసినదే. సముద్రపు నాచు నుండి తీయు అగర్ వేసిన బాధ లేదు. జెలటిన్ వేసిన అది జంతుసంబంధము. నేను శాకాహారిని కనుక వడ్డించు కుర్రవానిని అడిగితిని. అతడు లోపలికి వెళ్ళి కనుగొని వచ్చి, అగర్ అని చెప్పినాడు. అడుగుటకు మొహమాటపడవద్దు.

ఇక ఆయుర్వేదములోనికి వత్తము. చరక సంహిత విమానస్థానము మొదటి అధ్యాయములో, ఆహారము హితమో అహితమో నిర్ణయించుటకు ఎనిమిది విషయములు చెప్పబడినవి. పదార్థపు స్వభావము, దానికి చేసిన సంస్కారము, దేనితో కలిపినది, ఎంత పరిమాణము, ఏ ప్రదేశము, ఏ కాలము, ఏ నియమముతో తినుట, తినువాడు ఎవడు అనునవి అవి. ఇది పథ్యము, అది అపథ్యము అని పేర్ల పట్టిక చదివి ఊరుకొను వైద్యుడు ఈ అధ్యాయమును మరచినవాడే. నేను కూడా ఆ రాత్రి వరకు కొంత మరచితిననియే ఒప్పుకొనుచున్నాను.

కుడుము స్వభావమును చూతము. పైపొర మైదాపిండి. ఆయుర్వేదములో పిండివంటలు గురువులు, అనగా ఆలస్యముగా జీర్ణించునవి, మితముగా తినవలసినవి. లోపలిది మాంసము, మాంసరసము. మాంసరసమును చరకుడు తృప్తినిచ్చునదిగా, క్షీణించినవారికి బలము చేకూర్చునదిగా ప్రశంసించినాడు. సంస్కారము ఆవిరి. నూనె కాగుటలేదు, మాడుట లేదు. ఆవిరితో ఉడికిన పదార్థము వేపుడుకంటె లఘువు. తోడుగా ఇచ్చునది ఏమనుకొనుచున్నారు? సన్నని దారములవలె తరిగిన పచ్చి అల్లము, దానిపై నల్లని పులిసిన ద్రవము. అది చూచి నేను ఆశ్చర్యపోతిని. భోజనమునకు ముందు ఉప్పు అద్దిన అల్లపు ముక్క నమలుట జఠరాగ్నిని రగుల్చునని మన ప్రాచీన వైద్యులు చెప్పినదే. ఆ నల్లని ద్రవము చైనాలోని ఝెన్‌జియాంగ్ పట్టణపు వినెగరు, జిగురు బియ్యమును పులియబెట్టి చేయునది. మన పెద్దల ఇండ్లలో తరవాణి కుండ ఉండెడిది గుర్తున్నదా? అన్నపు గంజిని పులియబెట్టిన ఆ కలి నీరు, ఆయుర్వేదములోని కాంజికము, ఈ వినెగరు, మూడును ఒక్క జాతివే. అయితే గుండెలో మంట, పుల్లని త్రేనుపులు గల ఆమ్లపిత్త రోగులు మాత్రము వినెగరును మాని, అల్లమును కూడా స్వల్పముగా తీసికొనవలెను.

తిను నియమము అన్నింటికంటె చక్కనిది. ఆహారము వేడిగా ఉండగా తినవలెను, మిక్కిలి వేగముగా గాని మిక్కిలి నెమ్మదిగా గాని తినరాదు, మాటలు నవ్వులు మాని మనసు అన్నముపై నిలుపవలెను అని చరకుని ఆదేశము. మన ఇండ్లలో టీవీ చూచుచు, సెల్‌ఫోను గీకుచు తినువారిని ఎంత చెప్పినను మార్చలేకపోతిమి. ఈ కుడుము తనంతట తానే మార్చును. పైభాగమును పట్టి మెల్లగా ఎత్తి చెంచాలో పెట్టుకొని, ప్రక్కన చిన్న చిల్లి చేసి, ఆవిరి పోనిచ్చి, పులుసును కొంచెము కొంచెముగా పీల్చి, పిమ్మట మిగిలినది నమలవలెను. ఫోను పట్టుకొన్న చేతితో ఈ పని సాగదు. ఏమరుపాటుగా తినువాని నాలుక కాలును.

ఆ రాత్రి కాలినది మా మేనల్లుని కుమార్తె నాలుక. ఆరేండ్ల పిల్ల. తల్లి వారించులోపలనే మొత్తము కుడుమును నోట వేసికొని ఒక్క కేక పెట్టినది. తల్లి కంగారుపడి చల్లని పానీయములోని మంచుగడ్డ తీసి నాలుకపై పెట్టబోయినది. "వద్దమ్మా, మంచు వద్దు. మామూలు చల్లని నీళ్ళు పుక్కిట పట్టించు" అని వారించితిని. కాలిన సున్నితమైన చర్మమునకు మంచు నేరుగా అంటుకొన్న మరింత హాని. చల్లని నీటిని పుక్కిలించి ఉమ్మివేయుచు అయిదు పది నిమిషములు చేయవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట కొంచెము చల్లని పాలు త్రాగించి, నాలుకపై ఆవునెయ్యి పలుచగా రాయించితిని. రెండు దినములు కారము, పులుపు, ఉప్పటి చిరుతిండ్లు మానిపించితిమి. మూడవనాటికి తగ్గినది. బొబ్బలెక్కినను, మ్రింగుట కష్టమైనను, గొంతు వాచి ఊపిరి ఆడకున్నను ఇంటి వైద్యము పనికిరాదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పెద్దలకు కూడా ఒక హెచ్చరిక. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయములు నిత్యము సేవించుట అన్నవాహికలో క్యాన్సరుకు కారణము కాగల అవకాశమున్నదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది. చరకుడు 'వేడిగా' అన్నది 'కాలునట్లుగా' అని కాదు. చిల్లి పెట్టి కొంచెమాగుట ఇందుకే.

పిల్ల శాంతించిన తరువాత పరిమాణపు లెక్క చూచితిని. తైపే వారి కొలత ప్రకారము ఒక కుడుము 21 గ్రాములు. అందు పైపొర 5, పూర్ణము 16. మా మేనల్లుడు 14 తినినాడు. అదే కొలత ఇక్కడ పట్టినచో 70 గ్రాముల తడిపిండి. మన ఇంటి చపాతీ ఉండ 35, 40 గ్రాములు తూగును. అనగా 14 కుడుములలోని పిండి రెండు చపాతీలకు మించదు. మా అక్కయ్య శాపనార్థములు పెట్టిన పదార్థపు నేరము ఇంతే!

మరి నేరము ఎక్కడున్నది? మేము బల్ల వద్ద కూర్చుండునప్పటికి రాత్రి 9:50 అయినది. బయట వరుసలో నిలిచిన సమయము ముప్పావు గంట. కుడుముల బుట్టలు వచ్చులోపల నూనెలో వేయించిన కరకరలాడు కోడిముక్కలు వచ్చినవి. కుడుముల తరువాత ఫ్రైడ్ రైసు వచ్చినది. ఆ తరువాత పెద్ద గ్లాసులో మంచుతో కూడిన పాల టీ వచ్చినది. అడుగున నల్లని గుండ్లు, అవి కర్రపెండలపు సగ్గుబియ్యమే. అందు చక్కెర ఎంతయో నేను అడుగలేదు, నాలుకే చెప్పినది. లేచునప్పటికి 10:50. సాయంకాలము ఏమి తింటివని అడుగగా, 6 గంటలకు ఆఫీసులో రెండు మిరపకాయ బజ్జీలు, ఒక ఇరానీ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కట్లు అని చెప్పినాడు. మధ్యాహ్నము 2:30కు బిర్యానీ. రాత్రి ఇంటికి రాగానే నిద్ర.

ఆయుర్వేదములో దీనికి పేర్లున్నవి. తిన్నది జీర్ణము కాకముందే మరల తినుట అధ్యశనము. వేళ తప్పి, కొలత తప్పి తినుట విషమాశనము. హితమును అహితమును కలిపి తినుట సమశనము. ఈ మూడును ఆ ఒక్క దినముననే జరిగినవి. వేడివేడి పులుసు త్రాగిన వెంటనే మంచు పానీయము పోయుట జఠరాగ్నిపై నీళ్ళు చల్లుటయే. రొయ్యల కుడుము తినినవారు పాల టీ త్రాగుట మరింత గమనింపదగినది. చేపలతో పాలను చరకుడు విరుద్ధాహారములలో చేర్చినాడు. జలచరములన్నింటి విషయములోను మన పెద్దలు ఆ జాగ్రత్తనే పాటించిరి. ఆధునిక వైద్యులు దీనిని అంగీకరింపరు, ఆ సంగతియు దాచనవసరము లేదు. కాని భోజనాంతమున అంత చక్కెర వద్దనుటలో ఇరువురికిని భేదము లేదు.

ఇది ఒక్క మా మేనల్లుని కథ కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఎ.ఐ.జి. ఆసుపత్రివారు కలసి ఈ నగరపు ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ఫలితములు ప్రకటించినారు. అందు 84 శాతము మందికి కాలేయములో కొవ్వు అధికముగా ఉన్నది. 71 శాతము మంది స్థూలకాయులు. 34 శాతము మందికి మెటబాలిక్ సిండ్రోమ్ కలదు, అనగా నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తములో చక్కెర, కొవ్వులు కలసికట్టుగా గతి తప్పుట. నూటికి 84 మందియు చైనా కుడుములు తినువారై యుండరు కదా! అందరికిని ఉమ్మడిగా ఉన్నవి గంటల తరబడి కూర్చుండుట, నిద్ర చెడుట, వేళ తప్పిన తిండి.

భోజనశాలల శుచి విషయము కూడ చెప్పక తప్పదు. 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతమున వీధి బండిపై మోమోలు తిని పలువురు అస్వస్థులైనారు, ఒక మహిళ మరణించినది. ఆ మాసము 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చిగుడ్డుతో చేయు మయోనైజును ఒక సంవత్సరము పాటు నిషేధించినది. ఆవిరిలో చక్కగా ఉడికిన పదార్థములో క్రిములు బ్రతుకుట అరుదు. ప్రమాదమంతయు ఉడకని తోడు పదార్థములలోను, ఉడికిన పిమ్మట గోరువెచ్చగా గంటల కొలది నిలువ ఉంచుటలోను ఉన్నది. ఇందు సూపు కుడుమునకు ఒక సుగుణము కలదు, అది తన స్థితిని దాచలేదు. లోపలి పులుసు వేడిగా, పలుచగా ఉన్నచో అప్పుడే ఉడికినది. పులుసు చల్లారియున్నను, ముద్ద కరగకయున్నను, మాంసము ఎర్రగా కనబడినను తినవద్దు, తిప్పిపంపవలెను. ఇంటికి తెప్పించుకొన్న కుడుములకు ఈ పరీక్ష మరింత అవసరము. వాహనముపై ముప్పావు గంట తిరిగివచ్చిన దానిని మరల ఆవిరి పెట్టనిదే నోట పెట్టరాదు.

ఉప్పు సంగతి. 15 మిల్లీలీటర్ల సోయా సాసులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియము ఉండును. ఒక దినమునకు 2,000 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రక్తపోటు గలవారు సాసును వినెగరు గిన్నెలో పోసికొనక, పుల్ల కొనతో తాకించుకొన్న చాలును. అజినోమోటోను గురించి భయపడి వ్రాయువారు చాలమంది. 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచులో కనుగొన్న రుచి అది. సాధారణ పరిమాణములో హాని నిరూపింపబడలేదు. పడనివారు కొందరున్న వారు మానవచ్చును. దానిపై పెట్టు భయములో సగము ఉప్పుపై పెట్టిన మేలు.

నేను మా మేనల్లునికి చెప్పిన నియమములు ఇవి. కుడుములకు వెళ్ళు దినమున సాయంకాలపు బజ్జీలు మానవలెను. ఆకలి తెలియవలెను. 7:30కు బల్ల వద్ద ఉండవలెను, శనివారము అమెరికా వారి పిలుపులుండవు కనుక సాకు లేదు. మొదట అల్లపు దారములు రెండు మూడు నమలవలెను. ఒక బుట్ట, అనగా పది లోపల, దానితో ఆవిరిపై ఉడికిన ఆకుకూర ఒక గిన్నె. వేపుడు, ఫ్రైడ్ రైసు వద్దు. కడుపును నాలుగు భాగములు చేసి, రెండు ఘనమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాయువునకు విడువవలెనని వాగ్భటుడు చెప్పినాడు. త్రేనుపు వచ్చువరకు తినినవానికి ఆ నాలుగవ భాగము మిగులదు. పాల టీ బదులు వేడినీరు. ఇంటికి వచ్చి కనీసము వంద అడుగులు నడచి, రెండు గంటలు గడచిన పిమ్మటనే పడక.

ఎప్పుడైన మితము తప్పి కడుపు ఉబ్బరించిన, ఒక గ్లాసు నీటిలో అరచెంచా జీలకర్ర, పావుచెంచా శొంఠిపొడి వేసి సగము మిగులునట్లు కాచి, వడగట్టి, గోరువెచ్చగా త్రాగవలెను. మరునాటి ఉదయము ఆకలి పుట్టువరకు ఏమియు తినక, వేడినీరు మాత్రము సేవించి, మధ్యాహ్నము పలుచని మజ్జిగలో చిటికెడు ఇంగువ, శొంఠి కలిపి అన్నముతో తీసికొన్న చాలును. చక్కెరవ్యాధికి మందులు వాడువారు, గర్భిణులు, కడుపులో పుండ్లున్నవారు ఈ ఉపవాసమును తమ వైద్యుని అడుగకుండ చేయరాదు. జ్వరము, నెత్తురు విరేచనములు, ఆగని వాంతులు, మూత్రము తగ్గుట కనిపించిన అది అజీర్ణము కాదు. ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచు ఆసుపత్రికి చేర్చవలెను.

కాలేయపు కొవ్వును మాత్రము ఏ కషాయముతోను తుడిచివేయుదునని నేను వానికి మాట ఇయ్యలేదు. ఉన్న బరువులో నూటికి ఏడు నుండి పది వంతులు తగ్గినచో కొవ్వు గణనీయముగా తగ్గునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 84 కిలోల వానికి అది ఆరు నుండి ఎనిమిదిన్నర కిలోలు. అతడిప్పుడు రాయదుర్గము స్టేషను నుండి కార్యాలయము వరకు నడచుచున్నాడు. నాలుగు కిలోలు తగ్గినాడు. మరల స్కానింగు వచ్చే మాసములో. మా అక్కయ్యకు మాత్రము నాపై ఇంకను కోపమే. "వద్దని చెప్పరా అంటే, ఎన్ని తినాలో లెక్క చెప్పి వచ్చావు" అన్నది.

ఇంటిలో చేసికొనదలచిన వారికి శాకాహార విధానము తెలుపుచున్నాను. మునగకాడలు, క్యారెట్టు, పుట్టగొడుగులు, అల్లము, మిరియాలు నీటిలో అరగంట కాచి వడగట్టిన రసము ఒక పెద్ద గ్లాసు, అనగా 250 మిల్లీలీటర్లు సిద్ధపరచవలెను. అందు అగర్ పొడి ముప్పావు చెంచా వేసి రెండు నిమిషములు మరిగించి, చల్లార్చిన గడ్డకట్టును. దానిని సన్నగా తురుమవలెను. సన్నగా తరిగి నూనె చుక్కతో వేయించి చల్లార్చిన పుట్టగొడుగులు, క్యాబేజీ అంతే పరిమాణములో కలపవలెను. మైదా, గోధుమపిండి సమముగా తీసికొని, నీటితో చపాతీపిండివలె కలిపి అరగంట నాననిచ్చి, పూరీకంటె చిన్నవిగా, అంచు పలుచగా, నడుమ కొంచెము మందముగా వత్తవలెను. పూర్ణము చెంచాడు పెట్టి అంచులను మడచి గట్టిగా నొక్కి, నూనె రాసిన ఇడ్డెన రేకులపై గాని, దొరికినచో పనసాకుపై గాని ఉంచి ఎనిమిది పది నిమిషములు ఆవిరి పెట్టవలెను. అగర్ కరుగుటకు దాదాపు 85 డిగ్రీల వేడి కావలెను కనుక ఆవిరి బాగుగా వచ్చుచుండగనే ఎక్కించవలెను, నడుమ మూత తీయరాదు.

మా ఇంట మొదటిసారి చేసిన పన్నెండింటిలో అయిదు అడుగున చిల్లిపడి పులుసంతయు రేకులోనికి కారినది. నడుమ భాగమును మరీ పలుచగా వత్తుటయే తప్పని రెండవ వాయిలో తెలిసినది. ఆ వాయి కుడుములను మా మనుమరాలు చెంచాలో పెట్టుకొని, చిల్లిచేసి, ఊదుచు, "తాతయ్యా, చల్లారిందా?" అని ప్రతి దానికి అడిగి మరీ తినినది.